చిరకాలము నిలిపియుంచిన కారులో ఇంధన దోషములు, వాని నివారణ

తొలకరి వాన కురిసి భూమి పదునెక్కిన దినమున రైతునకు ప్రతి గడియయు విలువైనదే. విత్తనము తెచ్చుకొనవలెను, ఎరువు తెచ్చుకొనవలెను, కూలివారిని పిలుచుకొనవలెను. అట్టి దినముననే, ఎనిమిది తొమ్మిది నెలలుగా వేపచెట్టు క్రింద నిలిచియున్న కారో, జీపో కదలనని మొండికెత్తుట మన సభ్యులలో పలువురకు అనుభవమే. నంబులపూలకుంట ప్రాంతమున సేద్యము ప్రధానముగ వర్షాధారము. వేరుసెనగ ఇల్లు చేరిన పిదప పనికై బెంగుళూరు మున్నగు పట్టణములకు పోవు కుటుంబములు బండిని ఇంటివద్దనే విడిచి, టార్పాలిను కప్పి, తాళపుచెవిని పొరుగువారి చేతికిచ్చి పోవుదురు. మరలివచ్చి తాళపుచెవి త్రిప్పినపుడు ఇంజను మూల్గును గాని అంటుకొనదు.

ఈ విషయమున నేను చేసిన తప్పును ముందుగా చెప్పుకొనుట మేలని తలచుచున్నాను. కొన్ని యేండ్ల క్రిందట నా పాత కారును పదునాలుగు నెలలు నిలిపియుంచి, జూను మాసమున విత్తనపు పనికై కదిరికి పోవుటకు దానిని బయటికి తీయబోతిని. ఇంజను అంటుకొనలేదు. బాటరీ సత్తువ ఉడుగువరకు తాళపుచెవి త్రిప్పితిని. వేరొక బాటరీ తెప్పించి మరల త్రిప్పితిని. పట్టణమునుండి వచ్చిన మెకానిక్కు ఒకడు మొదట ప్లగ్గులు మార్చెను, పిదప పెట్రోలు పంపును మార్చెను. ఆ క్రొత్త పంపును మరునాడే మూగవోయెను. మూడవ దినమున టాంకు విప్పి చూచితిమి. అడుగున తేనెరంగు జిగురును, దానితో కలిసిన మడ్డినీరును ఉండెను. క్రొత్త పంపు ఆ మడ్డిని పీల్చియే చెడినది. ఈ మూడు దినములలో చేను పదునారిపోయెను. మరల వాన పడువరకు విత్తుటకు వీలులేకపోయెను. చేతినుండి పోయిన రూకలకంటె పోయిన పదునే నన్ను ఎక్కువ బాధించినది. రోగమొకచోట నుండగా మందు వేరొకచోట వేసితిమి.

ఆనాడు నేర్చుకొన్న సూత్రమొక్కటే. నిలిచియున్న బండి విషయమున ఇంజనును అనుమానించుటకు ముందు ఇంధనమును అనుమానింపవలెను. తాళపుచెవి త్రిప్పుటకు ముందు టాంకును పరీక్షింపవలెను. ఈ వ్యాసమున చెప్పబోవునదంతయు ఈ సూత్రమునకు వివరణమే.

పెట్రోలు ఏల చెడును?

పెట్రోలు నీటివలె ఒకే పదార్థము కాదు. శీఘ్రముగ ఆవిరియగు తేలిక ద్రవములును, మెల్లగ ఆవిరియగు బరువు ద్రవములును పెక్కు కలిసినదే పెట్రోలు. చల్లని ఇంజను అంటుకొనుటకు తేలిక భాగములే ఆధారము. అవియే మొదట ఎగిరిపోవును. మిగిలిన బరువు భాగము నిప్పురవ్వను సులభముగ అందుకొనదు. మన నంబులపూలకుంట యొద్ద 2016వ సంవత్సరమున సౌర విద్యుత్కేంద్రము ఏ ఎండను నమ్మి వెలసినదో, ఆ యెండయే మన బండ్ల టాంకులలోని పెట్రోలును దినదినము ఆవిరిచేయుచున్నది. ఇది మొదటి దోషము.

రెండవ దోషము జిగురు. ఆముదపు ప్రమిదను కడుగక కొన్ని నెలలు విడిచినయెడల దాని యంచున జిగురు కట్టుటను ప్రతి గృహిణియు ఎరుగును. నూనె గాలితో కలిసి చిక్కబడుటయే దానికి కారణము. పెట్రోలు సైతము అట్లే గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, మెల్లగ జిగురుగా మారును. వేడి హెచ్చినకొలది ఈ మార్పు త్వరపడును. ఈ జిగురు మొదట గొట్టములయందును, పిదప సన్నని రంధ్రములయందును పేరుకొని ఎండి, వార్నీషు పూతవలె గట్టిపడును.

మూడవ దోషము తేమ. పగటి వేడికి టాంకులోని గాలియు ఆవిరియు ఉబ్బి మూతయందలి సన్నని రంధ్రము గుండ బయటికి పోవును. రాత్రి చల్లబడినపుడు వెలుపలి గాలి లోపలికి ప్రవేశించును. ఆ గాలిలోని తేమ ఇనుప గోడలపై చెమటవలె పట్టి, బొట్టుబొట్టుగ అడుగునకు జారును. నీరు పెట్రోలుకంటె బరువైనది గనుక అడుగుననే నిలుచును. పంపు పీల్చునదియు అడుగునుండియే. క్రొత్త కార్లలో ఆవిరిని పట్టి యుంచు బొగ్గుడబ్బి యుండుటచే ఈ ఉచ్ఛ్వాస నిశ్వాసములు తక్కువ, పూర్తిగ లేకపోలేదు. టాంకు సగము ఖాళీగ నున్నయెడల గాలి పట్టు చోటు హెచ్చును, తేమయు హెచ్చును.

సారాయి కలిసిన పెట్రోలు

నేటి పెట్రోలులో ఎథనాలు అను సారాయి కలిసియున్నది. చెరకు మడ్డి, మొక్కజొన్న, నూకలు మున్నగు రైతు పంటలనుండియే ఇది తయారగుచున్నది. మన దేశమున 2014వ సంవత్సరమున నూటికి రెండు పాళ్లకైనను చేరని ఈ మిశ్రమము, 2022 నాటికి పది పాళ్లకును, 2025 నాటికి ఇరువది పాళ్లకును చేరినది. నిత్యము నడచు బండి విషయము వేరు. నిలిచియుండు బండి యజమాని దీని స్వభావము నెరిగి యుండవలెను.

ఎథనాలు నీటితోడను కలియును, పెట్రోలుతోడను కలియును. కావున కొలదిపాటి తేమ చేరినపుడు దానిని తనలో ఇముడ్చుకొని ఇంజను గుండ కాల్చివేయును, ఇది మేలే. కాని నీరు హద్దు మీరెనా, ఎథనాలు పెట్రోలును విడిచి నీటి పక్షము వహించి, ఆ రెండును కలిసి అడుగునకు దిగును. అప్పుడు టాంకులో రెండు పొరలేర్పడును: పైన సారము తగ్గిన పెట్రోలు, అడుగున మండని సారాయినీరు. పంపునకు మొదట అందునది ఈ క్రిందిపొరయే. ఇది ఇనుమును త్రుప్పు పట్టించును. అదియునుగాక ఎథనాలు పాతకాలపు రబ్బరు గొట్టములను మెత్తబరచి ఉబ్బించును. అవి పిదప పగులును. ఒకసారి ఇట్లు విడిపోయిన పెట్రోలును ఎంత కలిపినను, ఎంత కుదిపినను మరల బాగుపడదు. దానిని తీసివేయుటయే మార్గము.

పనికి ముందు ప్రాణరక్షణ

పెట్రోలు పని ప్రాణముతో చెలగాటమని మరువరాదు. మండునది ద్రవముకంటె ముందుగ దాని ఆవిరి. ఈ ఆవిరి కంటికి కనబడదు. గాలికంటె బరువైనది గనుక నేలబారున ప్రాకి, గుంటలలోను, గదుల మూలలలోను నిలుచును. పది యడుగుల దూరమున నున్న పొయ్యిని గాని, బీడీని గాని అందుకొని వెనుకకు మండుకొనివచ్చును. కావున ఈ క్రింది నియమములను తప్పక పాటింపవలెను.

పనిని ఆరుబయట, పగటి వెలుతురున చేయవలెను. దీపము, పొయ్యి, బీడీ దరి చేరరాదు. మొదట బాటరీ యొక్క రుణపు తీగను విప్పి ప్రక్కకు పెట్టవలెను. ఒక బకెట్టు పొడియిసుకను చేరువలో నుంచుకొనవలెను. పెట్రోలు మంటపై నీరు చల్లినయెడల మంట నీటిపై తేలి వ్యాపించును. పెట్రోలు పట్టు డబ్బా ఇనుపదై, నేలపై నానియుండవలెను. బండి లోపలనుంచి నింపరాదు. పిల్లలను దూరముగ పంపవలెను.

గొట్టము నోట పెట్టుకొని పెట్రోలు పీల్చు అలవాటు మన పల్లెలలో నేటికిని కలదు. ఇది మిక్కిలి అపాయకరము. ఒక్క గుక్కెడు పెట్రోలు ఊపిరితిత్తులలోనికి జారినను అవి వాచి శ్వాస యాడక ప్రాణము పోవచ్చును. ఎవరైనను పొరపాటున మ్రింగినయెడల వాంతి చేయింపరాదు. వాంతిలో అది తిరిగి వచ్చుచు ఊపిరితిత్తులలో ప్రవేశించును. 108 బండిని పిలిపించి వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. చేతితో నొక్కు చిన్న పంపు అంగడిలో దొరకును; దానికగు వెల ప్రాణము ముందు లెక్కకు రాదు.

మరియొక్కటి. పెట్రోలు తీసివేసిన టాంకు ఖాళీయని తలచి దానికి వెల్డింగు పెట్టింపరాదు. నిండు టాంకుకంటె ఖాళీ టాంకే ఎక్కువ అపాయకరము. ఏలయన దానిలో ఆవిరియు గాలియు పేలుటకు తగిన పాళ్లలో కలిసియుండును. చిల్లి పడిన టాంకును మార్చుటయో, దానికి తగిన ఏర్పాట్లు గల పనివానికి అప్పగించుటయో చేయవలెను.

టాంకు పరీక్ష

మొదట బండి చుట్టును తిరిగి చూడవలెను. నిలిచిన బండిలో ఎలుకలు కాపురముండుట పరిపాటి. అవి గొట్టములను, తీగలను కొరికియుండవచ్చును. బండి క్రింద నేల తడిసియున్నదేమో, పెట్రోలు వాసన కొట్టుచున్నదేమో గమనింపవలెను.

పిదప టాంకు మూత తీసి వాసన చూడవలెను. ముఖము మూతికి ఆనించి పీల్చరాదు, చేతితో విసరుకొని చూచిన చాలును. మంచి పెట్రోలు ఘాటుగ నుండును. చెడినది పులిసిన వాసనయో, వార్నీషు వాసనయో కొట్టును. తరువాత చిన్న పంపుతో టాంకు అడుగునుండి కొలదిగ తీసి ఒక గాజుసీసాలో పోసి, ప్రక్కనే మరియొక సీసాలో క్రొత్త పెట్రోలు పోసి, రెంటిని వెలుతురునకు పట్టి పోల్చవలెను. పాతది తేనెరంగుగ, గోధుమరంగుగ మారియున్నను, మసకగ నున్నను చెడినదని ఎరుగవలెను. పావుగంట కదల్పక నిలిపినపుడు రెండు పొరలు కనబడినచో నీరు చేరినదని నిశ్చయము. అడుగున త్రుప్పు రజను దిగినచో టాంకు లోపలి గోడలు చెడినవని అర్థము.

ఈ పరీక్షతోపాటు కాలమును గూడ లెక్కింపవలెను. బండి నిలిచి మూడు నెలలు దాటక, వాసనయు రంగును బాగుగ నున్నచో, క్రొత్త పెట్రోలు పోసి నడుపవచ్చును. మూడు మొదలు ఆరు నెలలలోపు అయి, పొరలు లేనియెడల, పాతదానికి రెండింతలు క్రొత్తది కలిపి నడుపుటకు యత్నింపవచ్చును. ఆరు నెలలు దాటినయెడల పూర్తిగ తీసివేయుటయే క్షేమము. ఇవి గట్టి హద్దులు కావు. మన మండుటెండలలో గడువు ఇంకను కుదించుకొనుటయే మంచిది. ఎన్ని నెలలైనను రెండు పొరలు కనబడినచో కలుపుట అనుమాటయే లేదు.

టాంకునుండి ఇంజనువరకు

పని ఎల్లప్పుడు ఇంధనము నడచు త్రోవ వెంటనే సాగవలెను: టాంకు, గొట్టము, పంపు, ఫిల్టరు, కార్బ్యురేటరు లేక ఇంజెక్టరు. కాలువ మొదట పూడిక తీయక, తుదిని మడవ శుభ్రపరచిన రైతునకు నీరు పారదు గదా.

మొదట టాంకులోని పెట్రోలును పూర్తిగ తీయవలెను. పాతబండ్లకు టాంకు అడుగున మర యుండును. దానిని విప్పినచో మడ్డియు దిగును. క్రొత్త కార్లలో మూతినుండి గొట్టము దిగకుండ జల్లెడ యుండవచ్చును. అట్టివానిలో వెనుక సీటు క్రింద నుండు పంపు ద్వారము గుండ తీయుట సామాన్యము. ఆ పనిని తెలిసిన మెకానిక్కుచేత చేయించుట మంచిది. తీసిన పిదప రెండు మూడు లీటర్ల క్రొత్త పెట్రోలు పోసి, తొలిచి, దానినిగూడ తీసివేయవలెను. లోపల త్రుప్పు పెచ్చులు రాలుచున్నచో టాంకును దింపి శుభ్రపరచుటయో, మార్చుటయో తప్పదు. లేనియెడల క్రొత్త ఫిల్టరు వారము తిరుగకమునుపే పూడుకొనును.

పిదప గొట్టములు. రబ్బరు గొట్టమును రెండువ్రేళ్ల నడుమ వంచి చూడవలెను. సన్నని పగుళ్లు కనబడినను, జిగటగ నున్నను, కట్టెవలె బిగుసుకొనినను మార్పవలెను. పెట్రోలునకై చేసిన గొట్టమునే కొనవలెను. నీటి గొట్టమును, మందు చల్లు యంత్రపు గొట్టమును, అద్దమువంటి ప్లాస్టికు గొట్టమును తగిలించుట నిప్పును కొంగున కట్టుకొనుటయే. ఇంజెక్టరు గల కార్లలో గొట్టమునందు ఒత్తిడి హెచ్చు. వానికి ఆ ఒత్తిడికి తగిన గొట్టమును, బిగింపును వేరుగ కలవు. వానిని విప్పునపుడు, ఒత్తిడి నిలిచియుండవచ్చును గనుక, కీలుపై గుడ్డచుట్టి మెల్లగ వదులు చేయవలెను. కంటికి అద్దములు ధరింపవలెను.

పంపు రెండు విధములు. పాతబండ్లలో ఇంజను ప్రక్కన తోలుపొర వంటి రబ్బరుపొరతో నడచు పంపు ఉండును. ఆ పొర ఎండి చినిగినయెడల పెట్రోలు రాకపోవుటయేగాక, కొన్ని బండ్లలో ఇంజను నూనెలోనికి దిగును. క్రొత్త కార్లలో విద్యుత్పంపు టాంకులోపలనే మునిగియుండును. తాళపుచెవిని మొదటి మెట్టున త్రిప్పినపుడు రెండు క్షణములపాటు తుమ్మెద రొద వంటి ధ్వని వినబడినచో పంపు కదలుచున్నదని ఎరుగవలెను. ధ్వని లేనిచో మొదట దాని ఫ్యూజును, తీగను చూడవలెను. పంపును మార్చుట కడపటి మాట. టాంకు శుభ్రపడకముందు క్రొత్త పంపు వేయుట నేను చేసిన తప్పే.

ఫిల్టరు వెల తక్కువ, పని గొప్పది. ఏడాది నిలిచిన బండికి మారుమాటాడక క్రొత్త ఫిల్టరు వేయవలెను. దానిపై బాణపు గుర్తుండును. అది ఇంజనువైపు చూచునట్లు బిగింపవలెను.

కార్బ్యురేటరు, ఇంజెక్టరు

అంబాసిడరు, పాత జీపు, మొదటి కాలపు మారుతి 800 వంటి బండ్లలో పెట్రోలును గాలితో కలుపు పని కార్బ్యురేటరుది. దానిలో ఒక చిన్న తొట్టి, తొట్టిలో తేలు బుడ్డి, బుడ్డితో లేచి దిగు సూది, అడుగున జెట్టు అను సన్నని ఇత్తడి రంధ్రములు ఉండును. తొట్టిలోని కొలది పెట్రోలు అన్నిటికంటె ముందుగ ఎండి జిగురగును. జెట్టు పూడినచో ఇంజను అంటుకొనదు, లేక అంటుకొని ఆరిపోవును. సూది అతుకుకొనినచో పెట్రోలు పొంగి పైనుండి కారును. వేడి ఇంజనుపై కారిన పెట్రోలు అగ్నిప్రమాదమునకు మూలము.

కార్బ్యురేటరును విప్పునపుడు ఏ భాగము ఎచట నుండెనో వరుసగ పేర్చుకొనవలెను. గాలి కలుపు మరను తీయుటకు ముందు, అది పూర్తిగ బిగియుటకు ఎన్ని చుట్లు పట్టునో లెక్కించి వ్రాసికొనవలెను. తిరిగి అంతే వదులు చేసి పెట్టవలెను. జిగురును కరిగించుటకై అంగడిలో అమ్ము ద్రవమును చల్లి, నాననిచ్చి, గాలితో ఊదవలెను. జెట్టులో సూదిని గాని, ఇనుప తీగను గాని గ్రుచ్చరాదు. ఇత్తడి మెత్తనిది, రంధ్రము వెండ్రుకవాసి పెద్దదైనను బండి ఆ తరువాత ఎల్లకాలము పెట్రోలు ఎక్కువ త్రాగును. తేలు బుడ్డిని చెవివద్ద ఊపి, లోపల ద్రవము కదలు చప్పుడు వినబడినచో దానిని మార్పవలెను.

ఇంజెక్టరు గల కార్లలో ఈ పనిని విద్యుత్తుతో తెరచుకొను సన్నని నాళములు చేయును. వీనిని ఇంటివద్ద విప్పుట తగదు. టాంకు, ఫిల్టరు శుభ్రపడి, క్రొత్త పెట్రోలు చేరినను ఇంజను తడబడుచున్నచో, ఇంజెక్టర్లను తీసి యంత్రముపై శుభ్రపరచి, జల్లు సమముగ నున్నదో లేదో చూచు మెకానిక్కు వద్దకు పంపవలెను.

ఇంజనును మేల్కొల్పుట

ఇపుడు తాళపుచెవి చేతపట్టవచ్చును. కాని మరి రెండు పనులు మిగిలియున్నవి. ఇంజను నూనె కొలకడ్డీని తీసి చూడవలెను. నూనె మట్టము గుర్తునకు మించియున్నను, పెట్రోలు వాసన కొట్టినను, పెట్రోలు దానిలోనికి దిగినదని తెలిసికొని నూనెను మార్పవలెను. పలుచబడిన నూనెతో నడిపిన ఇంజను లోపల ఒరసికొని చెడును. ఏడాదికి మించి నిలిచినయెడల ప్లగ్గులు తీసి, ఒక్కొక్క రంధ్రమున ఒక చెంచాలో సగము ఇంజను నూనె పోసి, ఇంజనును చేతితో రెండు చుట్లు త్రిప్పి, పిదప ప్లగ్గులు బిగింపవలెను.

బాటరీని నిండుగ చార్జి చేయించి తగిలించి, పది క్షణములకు మించకుండ త్రిప్పి, అర నిముషము ఆగి, మరల త్రిప్పవలెను. ఎడతెగక త్రిప్పినచో స్టార్టరు వేడెక్కి కాలిపోవును. ఇంజను అంటుకొనిన వెంటనే ఒకరు క్రిందికి వంగి గొట్టముల కీళ్లను చూచుచుండవలెను. ఒక్క బొట్టు కారినను వెంటనే ఆపవలెను. మొదట కొంత పొగ వచ్చుట సహజము. మూసిన పాకలో ఇంజనును నడుపరాదు. ఆ పొగలోని విషవాయువునకు వాసన లేదు, మనిషిని తెలియకయే చంపును.

డీసెలు బండ్లు, ట్రాక్టర్లు

డీసెలు పెట్రోలువలె త్వరగ ఆవిరి కాదు. కాని నీటికి అదియు లోబడినదే. డీసెలు అడుగున నీరు చేరినచోట, ఆ రెంటి నడుమ సూక్ష్మజీవులు పెరిగి నల్లని పాచివంటి జిగురు కట్టును. అది ఫిల్టరును పూడ్చును. కావున నీరు వేరుపడు గిన్నె క్రింది మరను వదులుచేసి, నీరంతయు పోయి శుద్ధమైన డీసెలు వచ్చువరకు విడువవలెను. మడ్డి హెచ్చుగనున్నచో టాంకును కడిగి, ఫిల్టరు మార్పవలెను.

ఫిల్టరు విప్పినపుడు గొట్టములలో గాలి చేరును. గాలి చేరిన డీసెలు ఇంజను అంటుకొనదు. పాత ట్రాక్టర్లలో ఫిల్టరుపైనుండు మరను వదులుచేసి, చేతిపంపును నొక్కుచు, బుడగలు ఆగి డీసెలు ధారగ వచ్చినపుడు మరను బిగింపవలెను. ఇంజెక్టరు జల్లునకు చేయి అడ్డు పెట్టరాదు. ఆ ఒత్తిడికి డీసెలు చర్మమును దూరి లోపలికి పోవును. పైకి చీమకుట్టినంత గాయమే కనబడినను, ఆలస్యమైనచో వ్రేలో, చేయియో తీయవలసి వచ్చును. అట్లు జరిగినయెడల గడియ జాగుచేయక ఆసుపత్రికి పోవలెను. నేటి కామన్‌రైలు ఇంజన్ల ఒత్తిడి మరింత హెచ్చు. వాని గొట్టములను మనము ముట్టరాదు.

తీసిన పాత పెట్రోలు గతి

తీసిన పెట్రోలును బావిగట్టున గాని, కాలువలో గాని, చేలో గాని పారబోయరాదు. వందల అడుగులు త్రవ్వి తెచ్చుకొను నీరు మనది; నేలలోనికి ఇంకిన పెట్రోలు దానిని త్రాగుటకు పనికిరాకుండ చేయును. పొయ్యి రాజేయుటకును, చెత్త కాల్చుటకును దానిని వాడరాదు. మంట చేతిలోని డబ్బాకే అంటుకొనును. పొరలు లేని, రంగు మారని పాత పెట్రోలును పదింట ఒక పాలుగ క్రొత్తదానిలో కలిపి వాడుకొనవచ్చును. చెడినదానిని మూతగల ఇనుప డబ్బాలో పోసి, పాత నూనెలను సేకరించు వర్కుషాపునకు ఇయ్యవలెను.

నిలుపుటకు ముందు చేయవలసినది

ఇంతవరకు చెప్పినదంతయు చేతులు కాలిన తరువాత పట్టు ఆకులు. బండిని నిలుపునాడే అరగంట శ్రమపడినచో ఇది యేదియు అక్కరలేదు. 2020 మార్చి 25వ తేదీ నుండి కరోనా నిర్బంధమున దేశమంతటను బండ్లు నెలల తరబడి నిలిచిపోయినవి. ఆనాడు ఎవరికిని ముందుగ తెలియలేదు; మన బండి ఎపుడు నిలుచునో మనకు ముందుగనే తెలిసియున్నది గదా.

కారు, ట్రాక్టరు వంటి పెద్ద బండ్లకు టాంకు నిండుగ నింపవలెను. గాలికి చోటు లేనిచో తేమకును చోటు లేదు. పెట్రోలు బండి మూడు నెలలకు మించి నిలుచునని తెలిసినయెడల, పెట్రోలును చెడనీయక నిలుపు మందు అంగడిలో దొరకును. దానిని చెప్పిన కొలతన కలిపి, పది నిముషములు ఇంజను నడిపి, మందు కలిసిన పెట్రోలు కార్బ్యురేటరువరకు చేరునట్లు చేయవలెను. మందు చల్లు పెట్రోలు యంత్రము, కలుపు తీయు చిన్న యంత్రము మున్నగువానికి దీనికి విరుద్ధముగ చేయవలెను: టాంకును ఖాళీచేసి, ఇంజను తనంత ఆరిపోవువరకు నడిపి, కార్బ్యురేటరు తొట్టిని ఎండబెట్టి దాచవలెను. వేరుసెనగకు ఆకుమచ్చ కనబడిన దినమున ఆ యంత్రము మొదటి లాగుటకే పలుకవలెను గదా.

బండిని నీడన నిలుపవలెను. ఇంటివద్ద ఎవరైన నున్నచో పదునైదు దినముల కొకసారి అరగంటసేపు దారిపై నడిపింపవలెను. రెండు నిముషములు నడిపి ఆపుట మేలుకంటె కీడే. ఇంజను వేడెక్కకమునుపు ఆపినచో లోపల తేమ పట్టును. నిలిపిన తేదీని, టాంకులో నున్న పెట్రోలు కొలతను ఒక చీటిపై వ్రాసి తాళపుచెవికి కట్టినయెడల, తిరిగి వచ్చిననాడు ఊహలతో పనిలేదు.

పెండ్లికుమారుడు వచ్చు వేళకు దీపములలో నూనె లేక అంగడికి పరుగెత్తిన కన్యకల కథ మీలో కొందరు విని యుందురు. వారు తిరిగి వచ్చునప్పటికి తలుపు మూయబడెను. తొలకరి పదును సైతము అట్టిదే. అది మన బండి బాగుపడువరకు నిలువదు. కావున సభ్యులు మే మాసములోపలనే, వాన మబ్బు కనబడకమునుపే, తమ బండ్ల టాంకు మూతలు తీసి పరీక్షించుకొందురు గాక. అనుమానము కలిగినవారు సీసాలో పట్టిన పెట్రోలును తెలిసిన మెకానిక్కునకు చూపి సలహా పొందిన పిమ్మటనే తాళపుచెవి త్రిప్పవలెను.